జెడ్ డ్రైవ్ లింకు మీకు తెరుచుకుంటుంది, పక్క సీటులో ఎందుకు తెరుచుకోదు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నంతలో ఒకసారి చెప్తాను. మీది ఇరవై రెండు మంది పనిచేసే ఆడిట్ ఆఫీసు. ఫైళ్లన్నీ ఒక విండోస్ సర్వర్ మీద ఉన్నాయి, మీ కంప్యూటర్లో వాటిని జెడ్ డ్రైవ్‌లోంచి తెరుస్తారు. అటాచ్‌మెంట్లలో ఏది కొత్తదో ఏది పాతదో తేలక, ఫైలుకు బదులు దాని లింకును మెయిల్లో పంపడం మొదలుపెట్టారు. కొందరికి తెరుచుకుంటోంది. కొందరికి దొరకలేదని వస్తోంది. జీమెయిల్‌ను బ్రౌజర్లో చూసే ఇద్దరికి ఎన్నిసార్లు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఇదంతా చూసి మీ పార్ట్‌నర్ గారు "ఈ గోలెందుకు, అటాచ్ చేసి పంపేయండి" అంటున్నారు.

మీరు పట్టుకున్న పద్ధతి సరైనది, వదలకండి. విజయవాడ, గుంటూరు వైపు ఇలాంటి ఆఫీసుల నెట్‌వర్కులు చూసుకుంటూ నాకు పదిహేడేళ్లయింది. లింకుల పద్ధతి చెడిపోయిన ప్రతిచోటా కారణం దాదాపు ఒకటే: లింకు అంటే చిరునామా అన్న సంగతి మరిచిపోయారు. చిరునామా అందరికీ ఒకే ఇంటిని చూపించాలి. ఆ ఇంటి తాళంచెవి అవతలివాళ్ల దగ్గర ముందే ఉండాలి. ఇల్లు ఊరికే మారకూడదు. ఈ మూడూ కుదిరితే మీకు వచ్చిన చిక్కుల్లో చాలావరకు పోతాయి.

ముందు మీ పార్ట్‌నర్ గారికి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. కొన్నేళ్ల కిందట సెప్టెంబరు 29 రాత్రి ఒక ఆఫీసు వాళ్లు నన్ను పిలిపించారు. మర్నాడే టాక్స్ ఆడిట్ గడువు. ఆర్టికల్స్ (సీఏ చదువులో భాగమైన ఆఫీసు శిక్షణ) చేస్తున్న ఒక అమ్మాయి డిప్రిసియేషన్ (తరుగుదల) షెడ్యూలు సరిచేసింది. ఎవరో కంప్యూటర్లను 15 శాతం బ్లాకులో వేసేస్తే, బిల్లులు ఒక్కొక్కటే తీసి చూసుకుంటూ వాటిని 40 శాతం బ్లాకులోకి మార్చింది. రెండున్నర గంటల పని. మధ్యమధ్యలో సేవ్ కూడా చేస్తూనే ఉంది. భోజనం చేసి వచ్చి మెయిల్లోంచి ఫైలు మళ్లీ తెరిస్తే పాత అంకెలే ఉన్నాయి.

జరిగిందేమిటంటే, ఆ ఫైలును ఆమె అవుట్‌లుక్‌లో అటాచ్‌మెంటు మీద రెండుసార్లు నొక్కి తెరిచింది. పైన పసుపు పట్టీలో "ఎనేబుల్ ఎడిటింగ్" కనిపిస్తే నొక్కింది. అలా తెరిచిన ఫైలును అవుట్‌లుక్ తన తాత్కాలిక ఫోల్డర్లో పెడుతుంది. మామూలుగా వెతికితే కనబడనంత లోపల దాగి ఉండే ఫోల్డర్ అది. సేవ్ నొక్కినప్పుడల్లా అక్కడికే పోతుంది తప్ప మెయిల్లో ఉన్న ఫైలు మారదు, సర్వర్ మీద ఉన్నదీ మారదు. మెయిల్ మూసేశాక అవుట్‌లుక్ ఆ తాత్కాలిక కాపీని తుడిచేయవచ్చు కూడా. నేను వెళ్లేసరికి అక్కడ ఏమీ మిగల్లేదు. ఆ అమ్మాయి మళ్లీ మొదటి బిల్లు నుంచి మొదలుపెట్టి రాత్రి రెండింటికి ముగించింది. ఆమె తప్పు ఇందులో వెంట్రుకవాసి కూడా లేదు. సేవ్ నొక్కితే సేవ్ అయిందని నమ్మింది, అంతే. ఆ ఫైలు సర్వర్ మీదుండి, మెయిల్లో దాని లింకు మాత్రమే వచ్చి ఉంటే ఆ రాత్రి అందరూ పదింటికే ఇంటికి వెళ్లేవాళ్లు.

బరువు సంగతి కూడా ఉంది. మెయిల్ పుట్టిన కాలంలో అది మోయగలిగింది మామూలు ఇంగ్లిష్ అక్షరాలనే. 1992లో నథానియల్ బోరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ కలిసి రూపొందించిన మైమ్ పద్ధతి వచ్చాక బొమ్మలు, ఫైళ్లు మెయిల్లో తేలిగ్గా ఎక్కాయి. మెయిల్లో మనం తెలుగులో రాసుకోగలగడానికీ దారి వేసింది ఆ పద్ధతే కాబట్టి దాని మీద నాకు గౌరవమే. కానీ ఫైలును అక్షరాలుగా మార్చే క్రమంలో ప్రతి మూడు బైట్లూ నాలుగవుతాయి. 10 ఎంబీ పరిమితి పెట్టిన సర్వర్ మీ 8 ఎంబీ ఫైలును తిప్పికొట్టేది అందుకే. జీమెయిల్ అయితే 25 ఎంబీ దాటిన ఫైలును తనంతట తానే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకుగా మార్చేస్తుంది. పైగా ఒక ఫైలును ఇరవై మందికి పంపితే ఇరవై కాపీలు. మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్‌లో ఒకప్పుడు ఒకే డేటాబేసులో ఉన్న అందరికీ కలిపి ఒక్క కాపీ దాచే ఏర్పాటు ఉండేది. 2010 వెర్షన్‌లో దాన్ని తీసేశారు.

ఇక మీ అసలు చిక్కు, జెడ్ డ్రైవ్.

మన ఇళ్లలో "మామయ్య" అని పిలిస్తే మా ఇంట్లో ఒకరు పలుకుతారు, మీ ఇంట్లో ఇంకొకరు పలుకుతారు. పక్కింటికి వెళ్లి "మామయ్యకి ఈ కవరు ఇవ్వండి" అంటే ఎవరికివ్వాలో వాళ్లకెలా తెలుస్తుంది? జెడ్ డ్రైవ్ సరిగ్గా అలాంటి పిలుపు. మీ కంప్యూటర్లో ఎవరో ఎప్పుడో సర్వర్ మీది ఒక ఫోల్డర్‌కు జెడ్ అని పేరు పెట్టారు. పక్క సీటాయన కంప్యూటర్లో అదే ఫోల్డర్ వై అయి ఉండవచ్చు. ఇంకొకరి దగ్గర జెడ్ అంటే స్కానర్ ఫోల్డర్ కావచ్చు. కొత్తగా చేరినవాళ్ల కంప్యూటర్లో ఏ అక్షరమూ పెట్టి ఉండకపోవచ్చు. మీ మెయిల్లో జెడ్ అని వెళ్తే, అది ఎవరి కంప్యూటర్లో నొక్కితే ఆ కంప్యూటర్లోని జెడ్‌నే వెతుకుతుంది.

అందరికీ ఒకే మనిషిని చూపించే పూర్తి పేరు వేరే ఉంది. రెండు వెనకవాలు గీతలతో మొదలై, ముందు సర్వర్ పేరు, తర్వాత షేర్ (సర్వర్ మీద అందరికీ పంచిన ఫోల్డర్) పేరు, ఆ తర్వాత ఫోల్డర్లు వస్తాయి. ఇలా:

\\లెక్కలసర్వర్\ఆడిట్\2024-25\తుది_లెక్కలు

దీన్ని యూఎన్‌సీ పాత్ అంటారు. మీ జెడ్ అసలు ఏ షేరో తెలుసుకోవడం తేలిక. "దిస్ పీసీ" తెరిస్తే ఆ డ్రైవ్ బొమ్మ పక్కనే షేర్ పేరు, సర్వర్ పేరు కనిపిస్తాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో "నెట్ యూజ్" అని టైప్ చేసి ఎంటర్ కొడితే ఏ అక్షరం వెనక ఏ సర్వర్, ఏ షేర్ ఉన్నాయో వరసగా చూపిస్తుంది. మెయిల్లో పంపే లింకులో "జెడ్" ఉన్నచోట ఆ పూర్తి పేరు పెట్టండి. మీకు వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా ఈ ఒక్క మార్పుతోనే ఆగిపోతాయని నా అనుభవం.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి "కాపీ యాజ్ పాత్" తీసుకుంటే చాలనుకుంటారు. విండోస్ 10లో దానికి షిఫ్ట్ కూడా నొక్కి పట్టుకోవాలి, 11లో మామూలు మెనూలోనే ఉంటుంది. కానీ మీరు జెడ్ డ్రైవ్‌లోంచి వెళ్లి కాపీ చేస్తే అది జెడ్ అనే కాపీ చేస్తుంది. రెండు పక్కలా కొటేషన్ గుర్తులు కూడా తగిలిస్తుంది. అందుకే ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైపట్టీలో సర్వర్ పూర్తి పేరే టైప్ చేసి, ఆ దారిలో ఫోల్డర్‌కు చేరుకుని, అక్కడ కాపీ చేయండి. ఆ ఫోల్డర్‌ను క్విక్ యాక్సెస్‌లో పిన్ చేసుకుంటే రోజూ టైప్ చేసే పని తప్పుతుంది. నేను చూసుకునే ఆఫీసుల్లో కొత్తవాళ్లకు డ్రైవ్ అక్షరం అసలు పెట్టను, ఈ పిన్నే పెడతాను. అక్షరం అలవాటు కాకపోతే అక్షరంతో లింకు పంపే అవకాశమే ఉండదు.

రెండో అడ్డంకి పేరులోని ఖాళీలు. "తుది లెక్కలు" అని మధ్యలో ఖాళీ వదిలి ఉంటే, చాలా మెయిల్ ప్రోగ్రాములు "తుది" దాకానే లింకుగా నీలం చేసి మిగతాది మామూలు అక్షరాలుగా వదిలేస్తాయి. నొక్కితే "తుది" అనే ఫైలు లేదంటుంది. అవుట్‌లుక్‌లో అయితే మొత్తం చిరునామాను కోణపు బ్రాకెట్ల మధ్య పెట్టి, చివర ఒక్కసారి ఎంటర్ కొడితే పూర్తిగా లింకవుతుంది:

<\\లెక్కలసర్వర్\ఆడిట్\2024-25\తుది లెక్కలు>

అంతకన్నా నమ్మకమైన దారి, కంట్రోల్‌తో కె నొక్కి, వచ్చిన పెట్టెలో కింద చిరునామా, పైన కనిపించాల్సిన మాట వేరువేరుగా ఇవ్వడం. నేను మాత్రం కనిపించే మాటగా కూడా చిరునామానే ఉంచమంటాను. ఏ కారణం చేతనో లింకు పనిచేయకపోతే అవతలివాళ్లు దాన్ని కాపీ చేసుకుని ఎక్స్‌ప్లోరర్‌లో అతికించుకోగలుగుతారు. "ఇక్కడ నొక్కండి" అని నీలంగా రాస్తే అది చెడిపోయిన రోజున వాళ్ల చేతిలో ఏమీ ఉండదు. కొత్తగా పెట్టే ఫోల్డర్లకైతే ఖాళీకి బదులు కింద గీత పెట్టే అలవాటు చేయండి. పాత పేర్ల జోలికి వెళ్లకండి, ఇప్పటికే వెళ్లిన మెయిళ్లలో లింకులు తెగుతాయి.

తెలుగులో ఫోల్డర్ పేర్లు పెట్టుకోవచ్చా అని అడిగేవాళ్లు ఉంటారు. నిస్సంకోచంగా పెట్టుకోండి, విండోస్‌కు దాంతో ఏ ఇబ్బందీ లేదు. అయితే కొన్ని ప్రోగ్రాములు లింకు తయారుచేసేటప్పుడు ఇంగ్లిష్ కాని అక్షరాలను శాతం గుర్తులతో సంకేతాలుగా మారుస్తాయి. యూనికోడ్‌లో ఒక్కో తెలుగు సంకేతానికీ అలా తొమ్మిది గుర్తులు పడతాయి. గుణింతాలు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. "తుది లెక్కలు" అన్న చిన్న మాటలో పదకొండు సంకేతాలున్నాయి, మధ్యలో ఖాళీకి ఇంకో మూడు గుర్తులు. మొత్తం 102. అలాంటి ఫోల్డర్లు నాలుగు ఒకదానిలో ఒకటి ఉంటే మెయిల్లో లింకు కొండవీటి చాంతాడంత అవుతుంది. పైగా పేర్లు మరీ పొడవైతే వేరే గోడ కూడా తగులుతుంది. విండోస్‌లో మామూలు పరిమితి 260 అక్షరాలు. ఎక్సెల్ అయితే దారీ పేరూ కలిపి 218 దాటితే తెరవనంటుంది. క్లయింటు పేరు ఫోల్డర్‌కూ పెట్టి, లోపలి ఫోల్డర్‌కూ పెట్టి, ఫైలుకూ పెట్టే ఆఫీసుల్లో ఇది తరచూ వస్తుంది. పేరు ఒక్కచోట ఉంటే చాలు.

ఇప్పుడు తాళంచెవి సంగతి. సర్వర్ పేరుతో సరైన లింకు పంపినా "మీకు అనుమతి లేదు" అని వస్తే లింకును తిట్టకండి. అది తన పని చేసింది, తలుపు దాకా తీసుకెళ్లింది. విండోస్ సర్వర్‌లో రెండు తలుపులున్నాయి. షేర్‌కు ఇచ్చిన అనుమతులు ఒకటి, డిస్కు మీద ఫోల్డర్‌కు ఇచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్ అనుమతులు రెండోది. రెండింట్లో ఏది ఎక్కువ కట్టుదిట్టంగా ఉంటే అదే చెల్లుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్‌లో పూర్తి హక్కు ఇచ్చి, షేర్‌లో చదవడానికి మాత్రమే ఇచ్చి ఉంటే, ఫైలు తెరుచుకుంటుంది కానీ సేవ్ కాదు. "లింకు వల్ల సేవ్ కావట్లేదు" అని నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఇదే.

అనుమతులు మనుషుల పేర్ల మీద ఇవ్వకండి, గ్రూపుల మీద ఇవ్వండి. ఆర్టికల్స్‌కు ఒక గ్రూపు, పెయిడ్ అసిస్టెంట్లకు ఒకటి, పార్ట్‌నర్లకు ఒకటి. మీ దగ్గర రెండేళ్లకోసారి ఆర్టికల్స్ మారిపోతుంటారు కదా. గ్రూపులోంచి పేరు తీసేస్తే పాత మెయిళ్లలోని లింకులన్నీ ఆ మనిషికి ఒక్కసారే మూసుకుపోతాయి. అటాచ్‌మెంట్లలో వెళ్లిన బ్యాలెన్స్ షీట్లను మాత్రం ఎవరూ వెనక్కి తెచ్చుకోలేరు. ఆడిట్ ఆఫీసుకు లింకు మేలు అని నేను ఇంత గట్టిగా చెప్పడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఇదే. మీ దగ్గరుండేవి మీ లెక్కలు కావు, ఊళ్లోవాళ్ల పాన్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, అప్పులు.

కొత్త ఫోల్డర్ లింకు అందరికీ పంపే ముందు దాన్ని పార్ట్‌నర్ గారి లాగిన్‌లో పరీక్షించకండి. ఆయనకు అన్నీ తెరుచుకుంటాయి. కొత్తగా చేరిన ఆర్టికల్ సీటు దగ్గరకు వెళ్లి, ఆ లాగిన్‌లో నొక్కి చూడండి. అలాగే తెరుచుకోకూడని ఫోల్డర్ ఒకదాన్ని కూడా నొక్కి చూడండి. రెండోది చాలామంది చేయరు, దయచేసి చేయండి.

అందరూ ఒకే ఫైలు దగ్గరకు వస్తే ఇంకో సంగతి ఎదురవుతుంది. ఒకరు ఎక్సెల్ తెరిచి ఉంచితే రెండోవాళ్లకు ఫలానావారు వాడుతున్నారు, చదవడానికి మాత్రమే తెరవగలరు అని వస్తుంది. దీన్ని చెడిపోవడంగా చూడకండి, అది కాపలా. ఇద్దరు వేరువేరు కాపీల్లో దిద్ది సాయంత్రం కలపలేక తలపట్టుకునే కన్నా ఈ కాసేపటి ఆగడమే నయం. అక్కడున్న "నోటిఫై" నొక్కితే మొదటివాళ్లు మూయగానే మీకు కబురొస్తుంది. ఫైలు తెరిచి ఉంచి భోజనానికో, క్లయింటు దగ్గరకో వెళ్లిపోయినవాళ్లుంటే సర్వర్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్, షేర్డ్ ఫోల్డర్స్, ఓపెన్ ఫైల్స్‌లో ఎవరు తెరిచారో కనబడుతుంది. అక్కణ్నుంచి మూయవచ్చు కూడా, కానీ సేవ్ చేయని పని పోతుంది. ముందు ఫోన్ చేసి అడగండి.

జీమెయిల్‌ను బ్రౌజర్లో చూసే మీ ఇద్దరి సంగతికి వస్తాను. వాళ్లకు అది ఎప్పటికీ పనిచేయదు. ఇంటర్నెట్ పేజీలోంచి నొక్కితే మీ కంప్యూటర్లోని, మీ నెట్‌వర్క్‌లోని ఫైళ్లు తెరుచుకోవడాన్ని క్రోమ్, ఫైర్‌ఫాక్స్ కావాలనే ఆపేస్తాయి. అలా ఆపకపోతే ఏ పేజీ పడితే ఆ పేజీ మీ సర్వర్ మీద చెయ్యి వేయగలదు. ఆ అడ్డు తీసేసే ఎక్స్‌టెన్షన్లు దొరుకుతాయి, వాటి జోలికి పోవద్దు. వాళ్లిద్దరికీ అవుట్‌లుక్ లాంటి మెయిల్ ప్రోగ్రామ్ పెట్టండి, లేదా చిరునామా కాపీ చేసుకుని ఎక్స్‌ప్లోరర్‌లో అతికించడం నేర్పండి. మ్యాక్ వాడేవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకు వెనకవాలు గీతలు పనికిరావు. ఫైండర్‌లో కమాండ్‌తో కె నొక్కి, ఎస్ఎంబీ (నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతి పేరు) అన్న మూడు ఇంగ్లిష్ అక్షరాలు, కోలన్, రెండు ముందువాలు గీతలు, ఆ తర్వాత సర్వర్ పేరు ఇవ్వాలి.

ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే భద్రమైన దారి) తప్పనిసరి. దానికి బద్ధకించి రౌటర్‌లో 445 పోర్టును (ఎస్ఎంబీ రాకపోకలు సాగే తలుపు) ఇంటర్నెట్‌కు తెరిచేసిన ఆఫీసులు నేను చూశాను. ఆ పని ఎన్నడూ చేయకండి. 2017 మే నెలలో ప్రపంచాన్ని చుట్టేసిన వానాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే దొంగ ప్రోగ్రామ్) పాకింది ఆ పోర్టు వెనకుండే పాత ఎస్ఎంబీ లోపంలోంచే. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

వీపీఎన్‌లో ఉన్నప్పుడు సర్వర్ పొట్టిపేరు పలక్కపోవచ్చు. అప్పుడు డొమైన్‌తో (ఆఫీసు నెట్‌వర్క్ మొత్తానికి పెట్టుకున్న పేరు) కలిపిన పూర్తి పేరో, ఐపీ నంబరో వాడతాం. ఇక్కడ ఒక మెలిక ఉంది. 2023 జులై 11న వచ్చిన భద్రతా అప్‌డేట్ల తర్వాత, పూర్తి పేరుతోనో ఐపీ నంబరుతోనో ఉన్న ఫైలు లింకులను అవుట్‌లుక్ ఆపేయడం మొదలుపెట్టింది. నిన్నటిదాకా తెరుచుకున్నవి తెల్లారేసరికి మొరాయించాయి. ఆ వారమంతా నా ఫోనుకు తీరిక లేదు. మందు ఏమిటంటే, ఆ సర్వర్‌ను ఇంటర్నెట్ ఆప్షన్స్‌లో నమ్మదగిన సైట్ల జాబితాలో చేర్చడం. కంప్యూటర్లు ఎక్కువుంటే గ్రూప్ పాలసీతో ఒకేసారి అందరికీ పెట్టవచ్చు. మీలో "కొందరికి" మాత్రమే తెరుచుకోకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు, చూసుకోండి.

అవుట్‌లుక్ ఇంత జాగ్రత్త పడటం వెనక బలమైన కారణం ఉంది. ఇలాంటి లింకు నొక్కగానే విండోస్ ఆ సర్వర్‌కు మీ లాగిన్ ఆనవాళ్లు పంపుతుంది, లోపలికి రానిమ్మని అడగడానికి. ఆ సర్వర్ మీ ఆఫీసుదైతే సరే. ఎక్కడో దొంగవాడిదైతే ఆ ఆనవాళ్లు వాడి చేతికి పోతాయి. 2023 మార్చిలో మైక్రోసాఫ్ట్ సరిచేసిన ఒక లోపంలో అయితే నొక్కాల్సిన పని కూడా లేకపోయింది. రిమైండర్ మోతకు పెట్టిన ఫైలు చిరునామా బయటి సర్వర్‌దైతే చాలు, అవుట్‌లుక్ తానే వెళ్లి తలుపు తట్టేది. అందుకని రెండు పనులు చేయండి. 445 పోర్టు మీద ఆఫీసు నుంచి బయటికి పోయే దారిని కూడా ఫైర్‌వాల్‌లో మూసేయండి. మీవాళ్లందరికీ మీ సర్వర్ పేరు కంఠతా రావాలి. రెండు గీతల తర్వాత ఆ పేరు తప్ప ఇంకేం కనిపించినా నొక్కకుండా మీకు చూపించాలి. లింకులు నొక్కడం అలవాటు చేస్తున్నది మనమే కాబట్టి ఈ జాగ్రత్త నేర్పే బాధ్యత కూడా మనదే.

ఇల్లు మారకూడదన్నాను కదా. ఒక ఆఫీసులో పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టారు, పేరు కూడా కొత్తది. ఫైళ్లన్నీ భద్రంగా చేరాయి. కానీ ఆరేళ్ల మెయిళ్లలో ఉన్న లింకులు ఒక్క పూటలో చచ్చిపోయాయి. పాత మెయిల్ తీసి "ఈ సర్దుబాటు ఎందుకు చేశాం" అని చూడబోతే లింకు గోడకు కొట్టుకునేది. ఆడిట్ వర్కింగ్ పేపర్లను మీరు మామూలుగా ఏడేళ్లు దాచాలి, కంపెనీ తన లెక్కల పుస్తకాలను ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు దాచాలి. సర్వర్ పెట్టెలు అంతకాలం బతకవు. కాబట్టి లింకులో పెట్టె పేరు లేకుండా చూసుకోవడం మంచిది. మీకు డొమైన్ ఉంటే విండోస్ సర్వర్‌లోనే డీఎఫ్ఎస్ నేమ్‌స్పేస్ అన్న ఏర్పాటు ఉంది. లింకులో సర్వర్‌కు బదులు డొమైన్ పేరు వస్తుంది, వెనక ఏ పెట్టె ఉందో మీరొక్కరే మార్చుకుంటారు, మెయిళ్లలో లింకులకు ఆ సంగతే తెలియదు. డొమైన్ లేకుండా చిన్న నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు తగిలించి ఫైళ్లు దాచుకునే డిస్కు పెట్టె) వాడుకునేవాళ్లయితే కొత్త పెట్టెకు పాత పేరే పెట్టాలి, షేర్ల పేర్లూ అవే ఉంచాలి. సంవత్సరం ముగిశాక ఫోల్డర్లను "పాతవి"లోకి జరిపే అలవాటు ఉంటే అదీ మానేయండి. మొదటినుంచీ సంవత్సరం పేరుతోనే పెడితే జరపాల్సిన అవసరమే రాదు.

బయటి క్లయింట్ల కథ వేరు. వాళ్లకు మీ సర్వర్ లింకు పంపి లాభం లేదు, వాళ్లు మీ నెట్‌వర్క్‌లో లేరు. అక్కడ గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, లేదా మీ నాస్ తయారుచేసే లింకు వాడాలి. ఇప్పటిదాకా లింకు చిరునామా మాత్రమే అన్నాను. ఇక్కడ "లింకు ఉన్న ఎవరైనా" అని పెట్టారంటే ఆ లింకే తాళంచెవి అయిపోతుంది. క్లయింటు దాన్ని వాట్సాప్‌లో బావమరిదికి పంపితే ఆయనకూ తెరుచుకుంటుంది, ఆయన పంపినవాళ్లకూ తెరుచుకుంటుంది. ఆర్థిక పత్రాలకు ఆ పద్ధతి వాడనే వాడకండి. ఫలానా మెయిల్ ఉన్నవారికి మాత్రమే అని పెట్టండి. వన్‌డ్రైవ్‌లో అలా పెడితే సాధారణంగా వాళ్ల మెయిల్‌కు ఒక కోడ్ వెళ్తుంది, అది కొడితేనే తెరుచుకుంటుంది. సైనాలజీ లాంటి నాస్‌లో లింకుకు పాస్‌వర్డు, గడువు తేదీ రెండూ పెట్టవచ్చు. పాస్‌వర్డును అదే మెయిల్లో రాయకండి, ఫోన్ చేసి చెప్పండి. ఫైలు ఒక్కటే పంపాల్సిన చోట ఫోల్డర్ మొత్తాన్ని షేర్ చేయడం కూడా ప్రమాదమే. రేపు ఆ ఫోల్డర్లో వేసే ప్రతి కాగితం వాళ్లకు కనబడుతుంది.

గూగుల్ డ్రైవ్ లింకుకు ఒక సుగుణం ఉంది. అది ఫైలు పేరును పట్టుకోదు, ఫైలుకు ఇచ్చిన గుర్తింపును పట్టుకుంటుంది. పేరు మార్చినా, వేరే ఫోల్డర్‌కు జరిపినా పనిచేస్తుంది.

ఇంత చెప్పినా, అటాచ్‌మెంటు పంపాల్సిన చోట్లు ఉన్నాయి. మీ పార్ట్‌నర్ గారి మాటలో నిజం ఉన్నది ఇక్కడే. సంతకం అయిన ఆడిట్ రిపోర్టు, ఖరారైన బ్యాలెన్స్ షీట్, డిపార్ట్‌మెంటు నోటీసుకు ఇచ్చిన జవాబు, ఇవి లింకులుగా పంపకూడదు. లింకు వెనక ఫైలు రేపు మారవచ్చు. "సెప్టెంబరు 28న మీకు ఇదే పంపాం" అని మూడేళ్ల తర్వాత చూపించాల్సి వస్తే, ఆ రోజు వెళ్లిన పీడీఎఫ్ ఆ మెయిల్లోనే ఉండాలి. నేను చెప్పే కొండగుర్తు ఏమిటంటే, ఇంకా దిద్దాల్సినది లింకుగా, ఇక దిద్దకూడనిది పీడీఎఫ్ అటాచ్‌మెంటుగా. ఈ ఒక్క ముక్క ఆయనకు చెప్పి చూడండి, ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను.

మెయిల్లో లింకు ఒక్కటే పడేయకండి. ఫైలు తెరిచాక ఎక్కడ చూడాలో రాయండి. "సార్, ఎఫ్ఏ షీటులో 34వ వరస, కంప్యూటర్ల బ్లాకు మార్చాను, బిల్లు పక్క కాలమ్‌లో ఉంది, ఒకసారి చూసి ఓకే చెప్పండి" అని. అటాచ్‌మెంటు లేని మెయిల్‌ను పెద్దవాళ్లు ఖాళీ మెయిల్ అనుకుని పక్కన పెట్టేస్తారు. ఈ రెండు వాక్యాలు ఉంటే నొక్కుతారు.

మొత్తం ఆఫీసును ఒకేసారి మార్చాలని చూడకండి. ఒక్క క్లయింటు ఫోల్డర్ తీసుకోండి. ముందు గ్రూపు అనుమతులు సరిచేయండి, తర్వాత ఆర్టికల్ సీటులో నొక్కి చూడండి, ఆ తర్వాతే సర్వర్ పేరుతో లింకు పంపండి. రెండు వారాలు ఆ ఒక్క క్లయింటుతో నడిపించండి. అప్పటికీ ఎవరికైనా తెరుచుకోకపోతే, వాళ్ల కంప్యూటర్లో వచ్చిన సందేశం అక్షరం పొల్లు పోకుండా రాసి ఇక్కడ పెట్టండి. "దొరకలేదు" అన్నదా, "అనుమతి లేదు" అన్నదా, అసలు నోరే మెదపలేదా అన్నదాన్ని బట్టే వెతకాల్సిన చోటు మారుతుంది.